మిస్సమ్మ చిత్రమున హాస్యము, అభిజ్ఞానము

హాస్యమునకు కరుణము విరోధి యని ఆలంకారికుల మతము. సాహిత్యదర్పణకారుడు రసవిరోధములను లెక్కించుచు హాస్యమునకు భయానక కరుణములను శత్రువులుగా చెప్పినాడు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము మూడవ ఉద్ద్యోతమున ఈ విరోధమునకు పరిహారములు చూపినాడు. విరోధిరసమును అంగముగా చేసి అణచుట, రెండింటికిని వేర్వేరు ఆశ్రయములు కల్పించుట, నడుమ వేరొక రసమును నిలుపుట వానిలో ముఖ్యమైనవి. ఈ చర్చ కావ్యనాటకములను గూర్చి పుట్టినది. అయినను తెలుగున కుటుంబహాస్యచిత్రములని పేరుపడిన వానిని పరిశీలించునప్పుడు ఇది మాకు మాటిమాటికి స్ఫురించుచున్నది. ఆ చిత్రములలో మేలైనవి దుఃఖమును వాకిటనే విడిచి నవ్వించినవి కావు. దానిని నట్టింట కూర్చుండబెట్టుకొని నవ్వించినవి. పెళ్ళిచేసి చూడు (1952) వరకట్నమును తీసికొన్నది. మిస్సమ్మ (1955) రెండు బాధలను తీసికొన్నది: చదువుకొన్నవారి ఆకలి ఒకటి, ఒక కప్పు క్రింద ఇద్దరి నడుమ లేచిన మతభేదము మరియొకటి.

మొదటిదానిని మిస్సమ్మ ఎదుర్కొని నెగ్గినది. రెండవదాని దగ్గర ప్రక్కకు తొలగినది. ఎట్లు తొలగినది, తొలగనవసరము నిజముగా ఉండెనా అనునదే ఇచ్చట మా విచారణ. ఏడు దశాబ్దములు దాటినను ఈ చిత్రముపై ప్రశంసకు కొరత లేదు, విమర్శకే కొరత. తెలుగు హాస్యమునకు దీనిని ఆదర్శముగా బోధించువారు దీని ముగింపును గూర్చి మౌనము వహించుట మాకు న్యాయముగా తోచలేదు.

మిస్సమ్మ 1955 జనవరి 12న విడుదలయ్యెను. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాతలు, ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. రచన చక్రపాణిది, పాటలు పింగళి నాగేంద్రరావువి, సంగీతము సాలూరు రాజేశ్వరరావుది, ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్లేది. కథకు ఆధారములు రెండును వంగదేశమువే. రవీంద్రనాథ్ మైత్ర రచించిన మన్మయీ గర్ల్స్ స్కూల్ అను హాస్యనాటకము ఒకటి. శరదిందు బంద్యోపాధ్యాయుని డిటెక్టివ్ అను కథ రెండవది. శరత్తు నవలలను తెలిగించిన చక్రపాణికి వంగవాఙ్మయము పొరుగూరి వంటిది. తెచ్చిన సరకును తెలుగు చేయుటలో ఆయన నేర్పరితనము ఎంతటిదనగా, అప్పాపురపు లోగిలిలో వంగదేశపు వాసన ఎచ్చటను తగులదు. అయితే రెండు కథలను కుట్టిన చోట కుట్టు కనబడుచున్నది. దానిని గూర్చి ముందు చెప్పెదము.

కథ అందరెరిగినదే కనుక క్లుప్తముగా స్మరింతుము. ఎం.టి. రావు పట్టభద్రుడు, ఉద్యోగము లేదు. ఆ పొడి అక్షరములను ఇంగ్లీషు చెవితో విన్నచో ఖాళీ యను అర్థమే వినబడును. మేరి పట్టభద్రురాలు, క్రైస్తవురాలు. ఆమె తండ్రి పాల్, డేవిడ్ అనువానికి ఋణపడియున్నాడు. ఆ ఋణమును మిషగా పెట్టుకొని డేవిడ్ ఆమెను పెండ్లాడ చూచుచున్నాడు. అప్పాపురపు జమీందారు గోపాలము, పసితనమున తప్పిపోయిన తన పెద్దకూతురు మహాలక్ష్మి పేర ఒక బడిని నడుపుచు, దానికి బి.ఏ. చదివిన దంపతులు కావలెనని ప్రకటించును. రావును మేరియు దంపతులమని చెప్పుకొని ఆ కొలువున చేరుదురు. ఆ యింట రెండవ కూతురు సీత. బంధువు, అపరాధపరిశోధన తన స్వధర్మమని నమ్మిన రాజు. రావు వెంట వచ్చిన దేవయ్య. లేని దాంపత్యము నటించుచు ఆ యిరువురు నిజముగా ప్రేమలో పడుట కథ. మేరియే మహాలక్ష్మి యని తేలుట ముగింపు.

ఈ చిత్రమున ఎవ్వరును అన్నమో రామచంద్రా యని యేడ్వరు. ఆకలి ఇచ్చట ప్రకటనలలో, అప్పులలో, తెచ్చిపెట్టుకొన్న ధీమాలో మాత్రమే కనబడును. అయినను ఆకలి యెంత నిర్దయమైనదో చెప్పుటకు చక్రపాణి పట్టిన ఉపాయము చాలును. ఇరువురును ఏండ్లు వెచ్చించి పట్టములు సంపాదించినారు. ఆ పట్టములు కూడు పెట్టలేదు. జరుగని పెండ్లి కూడు పెట్టినది. ఉద్యోగమునకు అర్హత ప్రకటించినవాడు దుష్టుడైనచో ఈ కథ వ్యంగ్యముగా మారియుండును. గోపాలము దుష్టుడు కాడు, మెత్తని మనసుగలవాడు. కూతురు పేర వెలసిన బడిలో పిల్లలను ఒక తల్లియు తండ్రియు వలె చూచుకొనువారుండవలెనని అతని కోరిక. ఆ మంచి కోరికయే ఇరువురు నిరుద్యోగులను బొంకునకు నెట్టినది. దుర్మార్గుడు లేకుండ బాధను పుట్టించుట హాస్యరచనలో కష్టమైన పని. చక్రపాణి దానిని కష్టము తెలియకుండ చేసినాడు.

బొంకు అనునది వచ్చినది కనుక ఒక మాట. వామనచరిత్రమున శుక్రుడు బలికి చేసిన బోధను పోతన తెలుగువారి నాలుకపై నిలిపినాడు. స్త్రీల విషయమునను, పెండ్లిండ్ల విషయమునను, ప్రాణ విత్త మానములకు భంగము వచ్చునెడలను బొంకినను పాపము లేదని ఆ గురువు తాత్పర్యము. అప్పాపురమున చెప్పబడిన బొంకు ఆ పట్టికలో చాలభాగమును ఒక్కసారిగా పూరించినది. స్త్రీ కలదు, పెండ్లి కలదు, విత్తము కలదు, డేవిడ్ చేతిలో మేరి మానమును కలదు. బలి ఆ నీతిని త్రోసిపుచ్చెను. త్రోసిపుచ్చుటకు ఆతనికి మూడులోకముల సంపద ఉండెను. ఉద్యోగము లేని బి.ఏ.కు అది లేదు. ఈ బొంకును ప్రేక్షకుడు మొదటి క్షణముననే మన్నించుటకు మన సాహిత్యసంస్కారమున ఇట్టి అనుమతి యొకటి ఉన్నదని మా యభిప్రాయము.

వేషము వేసి పెండ్లి నాటకమాడుట తెలుగు హాస్యమునకు క్రొత్త కాదు. 1892లో తొలిసారి ప్రదర్శింపబడి, 1909లో పెంచి వ్రాయబడిన కన్యాశుల్కమున కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడువేషము వేసి లుబ్ధావధానులకు అంటగట్టెను. అచ్చట మోసపోయినవాడు మోసపోదగినవాడు. ప్రేక్షకుని నవ్వు ఆతని లోభముపై పడును. మిస్సమ్మలో మోసపోయినవారు గోపాలము దంపతులు. వారిని చూచి నవ్వుటకు ఒక్క చోటును రచయిత మనకు ఈయలేదు. మోసగించినవారిని చూచియే మనము నవ్వుచున్నాము. గోపాలము భార్య మేరిని కూతురువలె దగ్గరకు తీసికొన్న ప్రతిసారియు, మేరి ముఖమున కోపమును సిగ్గును కలసి కదలును. ఎదుటివారి మంచితనమే ఆమెకు శిక్ష. ఆనందవర్ధనుడు చెప్పిన అంగాంగిభావమునకు ఇంతకు మించిన లక్ష్యము చలనచిత్రములలో వెదకనక్కరలేదు. హాస్యము అంగి, దాని క్రింద కరుణము అంగముగా, నిప్పుపై పాలవలె, పొంగకుండ కాగుచున్నది.

రావు మాటలకు ఎప్పుడును ఇద్దరు శ్రోతలుందురు. గృహస్థులు వినునది ఒక యర్థము, మేరి వినునది మరియొకటి. మమ్మటుడు వ్యంజనకు హేతువులను లెక్కించుచు వక్తృ బోద్ధవ్య వైశిష్ట్యమును మొదట చెప్పినాడు. చెప్పువాడెవడు, వినువాడెవడు అనుదానిని బట్టి వాక్యము వేరు ధ్వనించునని దాని సారము. ఆ సూత్రమును విద్యార్థులకు బోధించునప్పుడు ప్రాకృతగాథలతోపాటు అప్పాపురపు సంభాషణలను కూడ చూపవచ్చును. భార్యను గూర్చి భర్త వేళాకోళముగా చెప్పుచున్నాడని ఇంటివారు నవ్వుదురు. తన్ను ఇరికించుచున్నాడని మేరి పండ్లు కొరుకును. చాల దూరము వచ్చిన పిమ్మట అదే వేళాకోళమున ఆమెకు మాత్రమే వినబడు మూడవ యర్థమొకటి పుట్టును. ఆ మూడవ యర్థము ఎప్పుడు పుట్టినదో వ్రేలు పెట్టి చూపలేము. సీతకు రావు సంగీతము నేర్పుచున్నాడని మేరికి అసూయ కలుగు వేళకు అది పుట్టియే యున్నది. నటించుచున్న భార్యకు నిజమైన అసూయ కలుగుట! శృంగారమునకు వ్యభిచారిభావము స్థాయికంటె ముందు వచ్చిన చమత్కారమిది.

నవ్వు యొక్క స్థాయిని గూర్చియు చెప్పవలసియున్నది. శాస్త్రమున హాస్యమునకు ఆరు భేదములు: స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము. మొదటి రెండును ఉత్తమప్రకృతులకు చెల్లును. దేవయ్యయు డేవిడును ఉన్న చోట్ల తప్ప, మిస్సమ్మ దాదాపుగా స్మిత హసితములను దాటదు. ఒక అపహాస్యపు చేష్టతో ప్రేక్షకులను కూలద్రోయుట రేలంగి, రమణారెడ్డి వంటి నటులకు చేతనైన పని. వారిని కూడ కళ్ళెము వేసి నడిపినారు. దేవదాసు (1953) తరువాత అక్కినేని నాగేశ్వరరావు రాజు వేషమునకు అంగీకరించుట నాటికి సాహసమే. నాయకుడుగా నిలద్రొక్కుకొన్న నటుడు, వెంట్రుకంత ఆధారము దొరికినను పొంగిపోవు ఔత్సాహిక పరిశోధకుడుగా కనబడినాడు. 1918లో పుట్టిన రంగారావు, 1923లో పుట్టిన రామారావుకు తండ్రివరుస పెద్దగా నటించి నమ్మించెను. ఐదేండ్ల వ్యత్యాసము తెరపై ముప్పది యేండ్లయినది. నటనమును గూర్చి ఇంతకంటె విస్తరించుట మా ఉద్దేశము కాదు. సావిత్రిని గూర్చి మాత్రము చివర చెప్పవలసియున్నది.

ఇక రెండవ బాధ. మేరి విశ్వాసమును ఈ చిత్రము పరిహసింపలేదు. ఈ విషయమును నొక్కి చెప్పుట విమర్శకుని ధర్మము. ఆమె కోపము నవ్వు పుట్టించును. ఆమె అలవాట్లు ఆ యింటి అలవాట్లతో తగులుకొనుట నవ్వు పుట్టించును. అప్పుడు రావు కల్పించు సమాధానములు నవ్వు పుట్టించును. ఆమె ప్రార్థన మాత్రము నవ్వు పుట్టింపదు. మేరిమాతను వేడుకొను పాటను రాజేశ్వరరావు కూర్చిన తీరునను, లీల పాడిన తీరునను వేళాకోళపు ఛాయ లేదు. అది ఆర్తయైన స్త్రీ ప్రార్థన. తెలుగున క్రైస్తవపాత్ర నాయికగా, తన మతముతోను తన పొగరుతోను నిలబడి, ప్రేక్షకుని ప్రేమను గెలుచుకొనుట 1955లో అల్పవిషయము కాదు. చిత్రమునకు పేరు కూడ ఆమె పరాయితనమునుండియే వచ్చినది. మిస్సమ్మ యను మాటలో ఇంగ్లీషు మిస్సును తెలుగు అమ్మయు ఒకదానినొకటి చూచి నవ్వుకొనుచున్నవి.

ఇంతవరకు నడచిన కథ ఒక ప్రశ్నను మన ముందు నిలిపినది. హిందువైన రావును క్రైస్తవురాలైన మేరియు, వారు ఎట్లున్నారో అట్లే, నిజముగా దంపతులు కాగలరా? అట్టి దంపతులను అప్పాపురము వంటి ఊరు ఇంటిలో ఉంచుకొనునా? ఈ ప్రశ్న మేము బయటినుండి తెచ్చిపెట్టినది కాదు. కథ తానై పెంచినది. నాలుగింట మూడు వంతుల చిత్రము దీనిపై నిలిచియున్నది.

బదులుగా పుట్టుమచ్చ దొరికినది. మేరి పాదముపై మచ్చ యున్నది. మహాలక్ష్మి పాదముపై మచ్చ యుండెను. క్రైస్తవురాలు క్రైస్తవురాలు కాదు, జమీందారు బిడ్డయే. పాల్ దంపతులు పెంచినవారు. కన్నవారు గోపాలము దంపతులు. ప్రశ్నకు చిత్రము బదులు చెప్పలేదు, ప్రశ్ననే లేకుండ చేసినది. ఇచ్చటనే మేము ముందు చెప్పిన కుట్టు బయటపడుచున్నది. దొంగ దాంపత్యపు కథకు కావలసిన ముగింపు వేరు. పరిశోధకుని కథకు కావలసిన ముగింపు వేరు. రాజు వంటి పాత్ర ప్రవేశించిన పిమ్మట ఏదో యొక రహస్యము దొరకి తీరవలెను. లేనిచో ఆతని గాలింపు వృథా యగును. మొదటి కథ వేసిన ప్రశ్నకు రెండవ కథ తన బదులును అతికించినది.

దీనిని సమర్థించువారు సంప్రదాయమును చూపుదురు. నిర్వహణసంధిలో అద్భుతము ఉండవలెనని శాస్త్రము. అభిజ్ఞానముతో కథ ముగియుట సంస్కృతనాటకమునకు అలవాటు. మిస్సమ్మకు అతిసమీపమైన పోలిక శాకుంతలము కాదు, శ్రీహర్షుని రత్నావళి. ఓడ మునిగి బ్రతికిన సింహళరాజపుత్రి సాగరిక యను పేర వాసవదత్త పరిచారికయై అంతఃపురమున చేరినది. ఉదయనుడు ఆమెను పరిచారికగానే ప్రేమించెను. చివర కంఠమున నున్న రత్నమాల ఆమె యెవరో తెలిపినది. వాసవదత్తకు ఆమె చెల్లెలు వరుస యని కూడ తేలినది. మారుపేరు, ఆశ్రయమిచ్చిన యిల్లు, ఆనవాలు, ఆ యింటిబిడ్డయే యని తేలుట - అన్నియు సరిపోయినవి. సీత మేరికి చెల్లెలగుట కూడ సరిపోయినది.

పోలిక సరియైనదే, సమర్థనము సరియైనది కాదు. రత్నావళి తన ప్రేక్షకుని ఏ ప్రశ్నయు అడుగలేదు. పరిచారికను రాజు వలచుట ఆ లోకమున వింత కాదు. ఆమె రాజపుత్రి యని తెలియుట రాణి యలుకను తీర్చుటకు మాత్రము పనికివచ్చినది. హర్షుడు జన్మను గూర్చి సందేహము లేవదీయలేదు కనుక జన్మతో కథను ముగించుటకు ఆతనికి హక్కు కలదు. మిస్సమ్మ రచయిత సందేహమును లేవదీసి, పెంచి, ప్రేక్షకునిచేత ప్రేమింపజేసి, పిదప జన్మను చూపి ఊరుకొన్నాడు. ఒకే ఆనవాలు ఒక నాటకమున ముడి విప్పును, మరియొక కథలో ముడిని కోసివేయును.

కాలము ప్రతికూలముగా ఉండెనందురా? కొంత నిజము. కాని ఆ కాలమున జరిగినవానిని కూడ చూడవలెను. 1872 నాటి ప్రత్యేక వివాహ శాసనము ప్రకారము పెండ్లాడువారు తాము హిందువులము కామనియు, క్రైస్తవులము కామనియు ప్రకటింపవలసియుండెను. అనగా మతమును విడుచుకొన్నగాని ఆ శాసనము నీడ లభింపదు. 1954లో చేయబడిన క్రొత్త ప్రత్యేక వివాహ శాసనము ఈ నిర్బంధమును తొలగించెను. ఎవరి మతమున వారుండియే పెండ్లాడుటకు అది వీలు కల్పించినది. అది 1955 జనవరి 1న అమలులోనికి వచ్చెను. పన్నెండవ దినమున మిస్సమ్మ విడుదలయ్యెను. రావును మేరియు ఎట్లున్నవారట్లే దంపతులగుటకు దేశపు చట్టము వాకిలి తెరచిన నెలలోనే, తెరపైని కథ ఆ వాకిటనుండి పోక దొడ్డిదారిన పోయినది. చిత్రము అంతకుముందే పూర్తియైనది కనుక దీనిని రచయితల తప్పుగా మేము లెక్కింపము. ఆ రెండు తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుమని మాత్రము పరిశోధకులను కోరుచున్నాము.

తెలుగుచిత్రమే ఇట్టి విషయమున మునుపు ధైర్యము చూపియున్నది. 1938లో గూడవల్లి రామబ్రహ్మము మాలపిల్లను తీసెను. బ్రాహ్మణయువకుడు హరిజనకన్యను వలచెను. ఆమె చివరకు అగ్రహారపు బిడ్డయని తేలలేదు. మాలపిల్లగానే ఆమె వధువైనది. మిస్సమ్మ వచ్చిన ఏటనే తాపీ చాణక్య దర్శకత్వమున రోజులు మారాయి వచ్చెను. దానియందును నాయకుడు కులము దాటి పెండ్లాడును. పుట్టుమచ్చతో దానికి పని పడలేదు. ఈ రెండు చిత్రములును సారథి సంస్థవి. వానిది పోరాటపు బాణీ, విజయా వారిది విందు బాణీ యనవచ్చును. నిజమే. విందునకు పిలిచినవాడు జగడము పెట్టుకొనడు. కాని వరకట్నమును అదే విందులో వడ్డించిన విజయా వారికి ఈ వంటకము అసాధ్యమని మేము నమ్మజాలము.

మాకు దీనికంటె బరువుగా తోచిన లోపము వేరొకటి యున్నది. అభిజ్ఞానము వలన ఒకరికి బిడ్డ దొరకినది, మరియొకరికి బిడ్డ పోయినది. పాల్ దంపతులు పేదవారు. అప్పుచేసి, డేవిడ్ వంటివాని గడప త్రొక్కి, దొరికిన పిల్లను బి.ఏ. వరకు చదివించినారు. ఈ చిత్రమున అతిగాఢమైన కరుణమునకు ఆలంబనము వీరు. చిత్రము వీరిని దాటి త్వరత్వరగా పోయినది. కణ్వుడు కన్నతండ్రి కాడు. శకుంతలను అత్తవారింటికి పంపునప్పుడు ఆయన కంఠము పూడుకొనిపోవుటనుబట్టియే నాల్గవ యంకమును లోకము శ్రేష్ఠమన్నది. యశోద కన్నతల్లి కాదు. దేవకికంటె తెలుగుపాఠకునకు ఆమెయే దగ్గర. పెంచినవారి ప్రేమను ఇంతగా గౌరవించిన సాహిత్యమున పుట్టి, చివరి ఘట్టమున పెంచినవారిని సాక్షులుగా మాత్రము వాడుకొనుట తగునా?

ఇచ్చట ఉద్యోగపర్వము జ్ఞాపకము రాక మానదు. నీవు కుంతి కొడుకవు, రాజ్యము నీదే యని కృష్ణుడు చెప్పగా కర్ణుడు తన్ను పెంచిన సూతదంపతులను విడువజాలనని బదులిచ్చెను. రాధ స్తన్యమును, అధిరథుని వాత్సల్యమును ఆతడు తలచుకొన్నాడు. తనకు బిడ్డలను గన్న ఆ కులపు స్త్రీలను తలచుకొన్నాడు. రక్తము చెప్పిన సత్యమునకు ఎదురుగా పెంపకము చెప్పిన సత్యమును నిలిపినాడు. హాస్యకథలో మేరి కర్ణునివలె ఉపన్యసింపవలెనని మేము కోరుట లేదు. ఒక్క మాట పలుకుటకైన ఆమెకు చోటు దొరకవలెనని మా కోరిక. ఏండ్ల తరబడి ఏ దేవతను వేడుకొన్నదో ఆ దేవత గతి యేమి? అప్పు తీర్చుటకై తాను అబద్ధమునకు ఒడిగట్టినది ఏ తండ్రికొరకో ఆ తండ్రిని ఇక నేమని పిలుచును? చిత్రము నిలిచి అడుగలేదు. మేరి యను పేరుగల స్త్రీ చివర మహాలక్ష్మి యను పేరుగల బడిలో చేర్చుకోబడినది, అంతే.

దీనికి ఒక ప్రత్యుత్తరము కలదు. అది బలమైనది కనుక దాచము. రావు ప్రేమ అభిజ్ఞానమునకు ముందే పుట్టినది. గోపాలము దంపతుల వాత్సల్యమును ముందే పుట్టినది. సీత స్నేహమును అంతే. అందరును మేరిని మేరిగానే ప్రేమించినారు. మచ్చ దొరకిన పిమ్మట ఎవ్వరి ప్రేమయు ఒక వీసమైన పెరుగలేదు. కావున మచ్చ అనావశ్యకము, అలంకారము మాత్రమే, అని ఒకరు వాదింపవచ్చును. ఈ వాదము మా పక్షమునకే చేరుచున్నది. ప్రేమకు అక్కరలేని మచ్చ ఎవరికొరకు? ప్రేక్షకుల యింటికడ కూర్చున్న పెద్దలకొరకు. తమ యింటికి వచ్చిన కోడలు చివరకు తమవారి బిడ్డయే యని తేలినచో వారు నిశ్చింతగా నవ్వగలరు. చిత్రపు మధ్యభాగము వారికంటె ముందు నడచినది. ముగింపు వెనుకకు వచ్చి వారి చేయి పట్టుకొన్నది. అదే యేట వచ్చిన తమిళపు రూపమునను, 1957లో మిస్ మేరీ యను పేర వచ్చిన హిందీ రూపమునను ఈ ముగింపు మారలేదు. మూడుభాషల పెద్దలకును ఒకే యోదార్పు కావలసివచ్చినది.

అయినను చిత్రము చెడలేదు. చెడకుండ కాపాడినది సావిత్రి. మేరి వేషమునకు మొదట భానుమతిని తీసికొనిరి. ఆమె తొలగగా, సీత వేషమునకు అనుకొన్న సావిత్రికి మేరి దక్కినది. సీత జమున కయినది. రచన విడిచిపెట్టినదానిని సావిత్రి ముఖము కొంత పూరించినది. తొలి భాగమున ఆమె కోపము బింకమువలె తోచును. పోనుపోను అది భయమని తెలియును. ఎవ్వరి దయకును లోబడరాదని నిశ్చయించుకొన్న పేదపిల్ల భయమది. గోపాలము భార్య ఆప్యాయముగా తాకినప్పుడు భుజము కొంచెము బిగియును. కొన్ని దృశ్యముల తరువాత బిగియదు. ఆ బిగువు సడలుటయే ఈ చిత్రమున నిజమైన అభిజ్ఞానమని మాకు తోచుచున్నది. ఒక స్త్రీ తనవారిని గుర్తించుట అది. దానికి మచ్చ సాక్ష్యము అక్కరలేకపోయెను. రాజు పరిశోధన అంతకంటెను అక్కరలేకపోయెను.

హాస్యకథ అంతటి బరువును మోయదని చెప్పువారికి తెలుగుననే ఉదాహరణము కలదు. కన్యాశుల్కము పెండ్లి పేరు పెట్టుకొన్న హాస్యనాటకము. గిరీశము బుచ్చమ్మను లేవదీసికొని వచ్చినాడు. ప్రేక్షకుడు ఆతని మాటలకు ఏడంకములు నవ్వినాడు. ఆతనికి పెండ్లి జరుగునని ఆశించినాడు. గురజాడ పెండ్లి చేయలేదు. బుచ్చమ్మ పూనాలోని వితంతుశరణాలయమునకు పోవలసినదైనది. గిరీశము చేతులూపుకొనుచు వెడలినాడు. ప్రేక్షకుడు నవ్వుచునే లేచినాడు, కాని ఆ నవ్వు ఇంటివరకు అట్లే పోలేదు. గురజాడ బుచ్చమ్మకు ఆనవాలు వెదకలేదు. చక్రపాణి మేరికి వెదకినాడు, దొరకినది. పాల్ యింట ఆ రాత్రి దీపము ఎవరు వెలిగించిరో చిత్రము చూపలేదు.